గేట్‌వేని ముంచింది షాపులా, టెడ్ వెయిట్ మొండితనమా?

పాత మదర్‌బోర్డ్:
ఆవు మచ్చల డబ్బాల్లో కంప్యూటర్లు పంపిన గేట్‌వే 2000 గుర్తుందా ఎవరికైనా? 1985లో టెడ్ వెయిట్, మైక్ హామండ్ ఇద్దరూ అయోవాలో సూ సిటీ దగ్గర వెయిట్ వాళ్ళ పశువుల ఫారంలో మొదలెట్టారు, బామ్మ హామీ ఉంటే వచ్చిన 10,000 డాలర్ల అప్పుతో. డీలర్ లేడు, షోరూం లేదు, మ్యాగజైన్‌లో యాడ్ వేస్తారు, మనం ఫోన్ చేసి ర్యామ్ ఇంత కావాలి డిస్క్ ఇంత కావాలి అని చెప్తే బిగించి ఇంటికి పంపుతారు, అంతే. 1993కల్లా నాస్‌డాక్ షేర్ మార్కెట్లో ఉన్నారు. అలాంటి కంపెనీని 2007లో ఏసర్ 710 మిలియన్ డాలర్లకి పట్టుకెళ్ళింది. నేననేది ఏంటంటే 1996లో మొదలెట్టిన గేట్‌వే కంట్రీ షాపులే వాళ్ళ కొంప ముంచాయి. కాదనేవాళ్ళు చెప్పండి.

డల్లాస్ బావ:
సగమే ఒప్పుకుంటా. వైటూకే టైంలో ఇక్కడికొచ్చిన మనోళ్ళ అపార్ట్‌మెంట్లలో ఆ ఖాళీ డబ్బా మీదే టీవీ ఉండేది, దాని మీదే అన్నం తినేవాళ్ళం, సామాన్లు కొనే డబ్బులెక్కడివి. షాపుల సంగతి చూసినోళ్ళకి తెలుసు, లోపల అన్నీ డెమో మెషీన్లే, చంకన పెట్టుకుని తెచ్చుకోడానికి సరుకుండేది కాదు. కుర్రాడు పక్కన కూర్చోబెట్టుకుని ఆర్డర్ కొట్టేవాడు, డబ్బా తర్వాతెప్పుడో ఇంటికొచ్చేది. అంటే షాపు అద్దె, జీతాలు ఒకవైపు, షిప్పింగ్ ఇంకోవైపు, రెండు ఖర్చులూ వాళ్ళవే. కానీ కంప్యూటర్ మొహం చూడని జనం ధైర్యంగా కొన్నది అక్కడే కదా, అదీ లెక్కలో వేసుకోవాలి.

నిజాంపేట సర్వర్:
షాపులు షాపులు అంటరు గానీ అన్నా, 1996ల షాపులు పెడితే 2000 దాంక అమ్మకాలు పెరుగుడే ఉండె, 9 బిలియన్లు దాటినయ్. గప్పుడు ముంచని షాపులు 2001లనే ఎట్ల ముంచినయ్? అసలు సంగతి కస్టమర్ ఎవడన్నది. డెల్ గూడ ఫోన్ల అమ్మినోడే, ఆస్టిన్‌ల హాస్టల్ రూంల మొదలైనోడే, కానీ ఆయన పెద్ద పెద్ద కంపెనీలను, గవర్నమెంట్ ఆఫీసులను పట్టుకున్నడు. గేట్‌వేకు ఇండ్లళ్ల కొనేటోళ్లు, చిన్న వ్యాపారాలోళ్లే ఎక్కువ. 2000 ఆఖర్ల ఇండ్లళ్ల కొనుడు ఆగంగనే డెల్ రేట్లు కోసిండు, గేట్‌వేకు 2001ల బిలియన్ డాలర్ల దాంక నష్టమొచ్చింది. యూరప్, ఆసియాల దుకాణం బంద్ పెట్టుకున్నరు.

సేల్స్ ట్యాక్స్ సుబ్బారావు:
ఎవరూ పన్ను మాట ఎత్తట్లేదేంటండీ. 1992లో అమెరికా సుప్రీంకోర్టు క్విల్ కేసులో, ఒక రాష్ట్రంలో ఆఫీసో షాపో గిడ్డంగో లేని కంపెనీ చేత ఆ రాష్ట్రం సేల్స్ ట్యాక్స్ వసూలు చేయించలేదని తేల్చింది. పోస్టులో అమ్మేవాళ్ళకి అది ఎంత కలిసొచ్చిందో ఆలోచించండి, 2,000 డాలర్ల మెషీన్ మీద ఆరేడు శాతం అంటే చిన్న మొత్తమా. ఊరూరా షాపు తెరిచాక ఆ గొడుగు కింద ఇంకెన్నాళ్ళు నిలబడతారు? ఆ తీర్పుని 2018లో కొట్టేయించింది సౌత్ డకోటా రాష్ట్రమే, గేట్‌వే పెరిగి పెద్దదైన గడ్డ. ఈ ముక్క మాత్రం నాకు భలే నచ్చుతుంది.

పాత మదర్‌బోర్డ్:
సుబ్బారావు గారూ, ఇది నా వైపు పాయింటే, థాంక్స్ అండీ 😄 సర్వర్ తమ్ముడూ, అమ్మకాలు పెరిగినంత కాలం అద్దెలు కనపడవు, పడిపోయినప్పుడే మీద పడతాయి. ఫోన్‌లో అమ్మే కంపెనీ అయితే కాల్ సెంటర్‌లో కొన్ని కుర్చీలు తీసేసి సర్దుకునేది, వీళ్ళకి వందల షాపుల లీజులు.

నిజాంపేట సర్వర్:
మరి 2004 ఏప్రిల్‌ల మిగిలిన 188 షాపులు ఒక్కసారే మూసిండ్రు కదనే, రోగం గదే అయితే తర్వాత కోలుకోవాలె. కోలుకోలే. చౌక కంప్యూటర్లు అమ్మే ఈమెషీన్స్ కంపెనీని కొని వేరేటోళ్ల షాపుల అరల మీద పెట్టి అమ్ముకున్నరు. డెల్ గూడ 2007ల వాల్‌మార్ట్‌కు పోయిండు. జనం లాప్‌టాప్‌లకు మళ్లిండ్రు, లాప్‌టాప్ అంటే కీబోర్డ్ నొక్కి, బరువు చూసి కొంటరు. ఫోన్ల ఆర్డరిచ్చే కాలమే అయిపోయింది, ఎవడున్నా ఏం చేస్తడు.

డల్లాస్ బావ:
టైటిల్‌లో వెయిట్ మొండితనం అని పెట్టి ఆ ఊసే ఎత్తలేదు ఎవరూ. 1997లో ఇంకో కంప్యూటర్ కంపెనీ కంపాక్ దాదాపు 7 బిలియన్లకి కొంటానంటే వద్దన్నాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. ఇప్పుడు తిట్టడం ఈజీ, కానీ 1999 చివర్లో షేరు 80 డాలర్లు దాటింది, అప్పుడు అందరికీ హీరోనే. ఏసర్ ఇచ్చింది షేరుకి 1.90. నాకైతే వాడు అమ్మకపోవడం కన్నా 1998లో హెడ్డాఫీసుని శాన్ డియేగోకి లేపుకెళ్ళడం, ఆ తర్వాత ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ నుంచొచ్చిన వైట్‌జెన్ చేతిలో పెట్టి పక్కకి జరగడమే పెద్ద తప్పనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ తనే వచ్చి కూర్చోవాల్సొచ్చింది.

పాత మదర్‌బోర్డ్:
శాన్ డియేగో సంగతి ఒప్పుకుంటా బావా. షాపుల విషయంలో మాత్రం తగ్గను, లీజుల లెక్కలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.