పాత ఫుల్ హెచ్‌డీ టీవీకి స్టిక్కా, బాక్సా? హార్డ్ డిస్కులో సినిమాలు, పెళ్ళి డీవీడీలు కూడా ఆడాలి

కొల్లేటి_కొంగ:
అందరికీ నమస్తే అండి. భీమవరంలో అమ్మానాన్నల దగ్గర 2016లో కొన్న 43 ఇంచుల ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంది. బొమ్మకి వంక పెట్టడానికి లేదు, కానీ అందులో స్మార్ట్ అనే ముక్క ఎప్పుడో మూలపడింది, యూట్యూబ్ నొక్కితే తెల్ల స్క్రీన్ వచ్చి ఆగిపోద్ది, మిగతా యాప్‌లేమో ఈ టీవీకి సపోర్ట్ లేదంటాయి. కొత్తది కొందామంటే నాన్నగారు "బాగున్న టీవీని పారేస్తామేంట్రా" అంటారు. ఆయన మాటా నిజమే.

కావాల్సినవి చెప్తాను. ఆహా, ఈటీవీ విన్, జియో హాట్‌స్టార్‌లో క్రికెట్, యూట్యూబ్‌లో నాన్నగారి ప్రవచనాలు. ఇవి ఎలాగూ అన్నిట్లో వస్తాయనుకుంటా. అసలు బాధ హార్డ్ డిస్కుతో, 2 టీబీది, నిండా పాత సినిమాలు, అన్నీ ఎంకేవీ ఫైళ్ళే. టీవీ వెనక పెడితే కొన్ని ఆడతాయి, కొన్నిటికి బొమ్మొచ్చి సౌండ్ రాదు, కొన్ని అసలు లిస్టులోనే కనపడవు. ఇంకా మా అక్క పెళ్ళి డీవీడీలు ఉన్నాయి, డీవీడీ ప్లేయర్ పోయి చాలా కాలమైంది. ఛానళ్ళకి ఏపీ ఫైబర్‌నెట్ బాక్స్ ఉంది, అది హెచ్‌డీఎంఐ 1లో ఉంది, దాన్ని కదపకూడదు, కదిపితే అమ్మ సీరియల్ పోయిందని నాకు బెంగళూరుకి ఫోనొస్తుంది.

బడ్జెట్ 6, 7 వేలు. బావ వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తున్నాడు, అక్కడ్నుంచి తెప్పించుకోవడం ఏమన్నా లాభమా? చెప్పండి.

బఫరింగ్_బాబ్జీ:
4కే స్టిక్ ఏదోటి తీస్కో బ్రో, ఫైర్ స్టిక్ లాంటిది, టీవీ హెచ్‌డీఎంఐలో గుచ్చితే యాప్‌లొస్తాయి. అయిపోద్ది.

వైర్ల_రాజు:
బాబ్జీ చెప్పింది సగం కరెక్టే, మిగతా సగం హార్డ్ డిస్కు దగ్గరుంది.

ముందు సౌండ్ రాకపోవడం సంగతి. ఆ ఫైళ్ళలో ఆడియో డీటీఎస్ అనే సౌండ్ ఫార్మాట్‌లో ఉండుంటుంది, దానికి టీవీ కంపెనీ లైసెన్సు కట్టాలి, చాలామంది కట్టరు, శాంసంగ్ అయితే 2018 నుంచి టీవీల్లో డీటీఎస్ తీసేసింది కూడా. కాబట్టి ఫైలు పాడైపోలేదు, కంగారు పడి డిలీట్ చెయ్యకు. ల్యాప్‌టాప్‌లో మీడియాఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఫైలు దాన్లోకి లాగి వదిలితే ఆడియో ఏంటో వీడియో ఏంటో మొత్తం చూపిస్తుంది. లిస్టులో కనపడనివి ఎందుకు కనపడట్లేదో కూడా దాన్లోనే తెలుస్తుంది, నా అంచనా అవి హెచ్ఈవీసీ 10 బిట్ ఫైళ్ళు, అంటే వీడియోని ఇంకా ఎక్కువ కుదించే కొత్త పద్ధతివి, ఆ రోజుల్లో వచ్చిన ఫుల్ హెచ్‌డీ టీవీలు చాలావరకు వాటిని ఆడించలేవు.

ఈ రెండు రోగాలకీ మందు ఒకటే, టీవీ సొంత ప్లేయర్‌ని వదిలేసి బయట పరికరంలో వీఎల్‌సీ గానీ కోడి గానీ, ఏదో ఒక వీడియో ప్లేయర్ యాప్ వేసుకోవడం. అవి డీటీఎస్‌ని తామే విప్పేసి మామూలు సౌండ్‌గా టీవీకి పంపుతాయి, టీవీకి లైసెన్సు ఉన్నా లేకపోయినా పర్లేదు. హెచ్ఈవీసీని ఇప్పుడొచ్చే స్టిక్కుల్లో చిప్పే ఆడించేస్తుంది.

చిక్కు ఎక్కడంటే స్టిక్కుకి డిస్కు పెట్టే యూఎస్‌బీ పోర్టు ఉండదు, కరెంటు వైరు పెట్టే బుడ్డి పోర్టు ఒక్కటే. ఓటీజీ కేబుల్ (బుడ్డి పోర్టుకి యూఎస్‌బీ డిస్కు తగిలించేది) వేసి ఏదో చెయ్యొచ్చు కానీ నీ డిస్కు విండోస్‌లో ఫార్మాట్ చేసినదైతే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో ఉండుంటుంది, స్టిక్కులు దాన్ని చదువుతాయని నమ్ముకోకూడదు. ఫ్యాట్32లోకి మారుద్దామంటే 4 జీబీ దాటిన ఫైలు దాన్లో పట్టదు, నీ సినిమాల్లో సగం బయటే ఉంటాయి.

అందుకని డిస్కుని టీవీ దగ్గరే పెట్టక్కర్లేదు. వైఫై రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టు ఉందేమో చూడు, చాలావాటికి ఉంటుంది, డిస్కు అక్కడ పెట్టి ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే స్టిక్కులో వీఎల్‌సీ తెరిచి లోకల్ నెట్‌వర్క్‌లోకి వెళ్తే ఫోల్డర్లన్నీ కనపడతాయి. ఫుల్ హెచ్‌డీ సినిమా ఫైలు మామూలుగా 10, 15 ఎంబీపీఎస్ దాటదు కాబట్టి రౌటర్ నత్తనడక నడిచినా ఆడేస్తుంది. డిస్కు టిక్ టిక్‌మని చప్పుడు చేసి ఆగిపోతుంటే మాత్రం పోర్టు నుంచి కరెంటు చాలట్లేదన్నమాట, అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ ఒకటి మధ్యలో పెట్టు. పాత ల్యాప్‌టాప్ పడుంటే ఇంకా మంచిది, దాన్లో జెల్లీఫిన్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేస్తే పోస్టర్లతో సహా చక్కగా కనిపిస్తాయి, కానీ దాన్ని రోజూ ఎవరు ఆన్ చేస్తారు, అమ్మగారా?

ఇది కాదు, డిస్కు నేరుగానే పెట్టాలి అంటే మామూలు సైజు యూఎస్‌బీ పోర్టు ఉన్న గూగుల్ టీవీ లేదా ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ చూడు. షియోమీ 2020లో 3,499కి మీ బాక్స్ 4కే తెచ్చింది, దానికి పోర్టు ఉంది, ఇప్పుడు పాతబడిపోయిందనుకో, ఆ తరహాది అని చెప్తున్నా.

రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ తీసుకోమని ఎవరో ఒకరు వచ్చి చెప్తారు, నేనే చెప్పేస్తా. పై 4 మీద కోడి నడిపే లిబ్రెఎలెక్ అనే ఓఎస్ వేస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్, డీటీఎస్, డీవీడీ, ఏదిచ్చినా తింటుంది, నా ఇంట్లో అదే. కానీ ఓటీటీ యాప్‌లకి అది పనికిరాదు, నీ ఇంటికి రెండో డబ్బా అయి కూర్చుంటుంది.

హన్మకొండ_హరికేన్:
రాజన్న మంచిగ చెప్పిండు. నేను ఒక్క ముచ్చట కలుపుత. బాక్సు అన్నరు కదా అని ఆన్‌లైన్‌ల 2 వేలకు దొరికే పేరు లేని ఆండ్రాయిడ్ డబ్బా మాత్రం కొనకు భయ్యా. 8కే అని రాస్తరు, 4 జీబీ ర్యామ్ అని రాస్తరు, తీస్కొచ్చి పెడితె నెట్‌ఫ్లిక్స్ 480పీల వస్తది. ఎందుకంటె వైడ్‌వైన్ అని ఒక లాక్ ఉంటది, సర్టిఫై చేసిన డివైజుకు ఎల్1 ఇస్తరు, గీ డబ్బాలకు ఎల్3నే ఉంటది, ఎల్3 ఉంటె హెచ్‌డీ ఇయ్యరు, నువ్వు నెలనెల ఎంత ప్లాన్ కట్టినా గంతే.

గుర్తుపట్టుడు అల్కనే. ఆన్ చేసినంక ఫోన్ల ఉన్నట్టె యాప్‌ల బొమ్మలు వరుసగ వచ్చి, రిమోట్ తిప్పితె మౌస్ బాణం కదిలితె అది అసలు ఆండ్రాయిడ్ టీవీ కాదు. మా బావమరిది ఇంట్ల గసొంటిదె ఉండె, రిమోట్‌తోని బాణాన్ని పట్టుకపోయి ప్లే బటన్ మీద పెట్టెవరకు పాట అయిపోతది.

ఇంకోటి, 2023 మొదట్ల టీ95 అనే డబ్బాల కంపెనీ కాడ్నుంచే మాల్‌వేర్ వస్తున్నదని ఒకాయన బయటపెట్టిండు. తర్వాత 2025 జూన్‌ల అమెరికా ఎఫ్‌బీఐ గిసొంటి డబ్బాల గురించి బ్యాడ్‌బాక్స్ 2.0 అని వార్నింగ్ కూడ ఇచ్చింది. ఇంటి వైఫైల గసొంటిది పెట్టుడెందుకు, అదే వైఫైల మీ నాయిన ఫోన్‌ల బ్యాంక్ యాప్ నడుస్తది కదా.

ప్లేనో_పిన్ని:
డల్లాస్ సంగతి నేను చెప్తా, మేముండేది ఆ పక్కనే. తెప్పించుకోకు బాబూ. ఫైర్ స్టిక్ ఇక్కడ కొన్నా దాన్లో ఏ యాప్‌లు కనపడతాయన్నది మీ అమెజాన్ అకౌంట్ ఏ దేశానిదన్న దాని మీద ఉంటుంది, అది ఇండియాది పెట్టుకుంటే యాప్‌లు వస్తాయి సరే, కానీ పాడైతే వారంటీకి ఎక్కడికి పంపుతావు? ప్లగ్గు కూడా ఇక్కడి చదును పిన్నులది, మళ్ళీ అడాప్టర్ వెతుక్కోవాలి. ఇండియాలో అఫీషియల్‌గా అమ్మని ఎన్విడియా షీల్డ్ లాంటి ఖరీదైన బాక్సైతే తెప్పించుకోవడంలో అర్థం ఉంది, కానీ 2019 మోడల్‌కి అంత డబ్బు పెట్టి ఫుల్ హెచ్‌డీ టీవీకి తగిలించడం దండగ.

మేము వాడేది యాపిల్ టీవీ 4కే. ఇంతకంటే నున్నగా నడిచేది నేను చూడలేదు, ఒక్క యాడ్ ఉండదు హోమ్ స్క్రీన్ మీద. కానీ 2022లో ఇండియాలో 14,900కి పెట్టారు, నీ బడ్జెట్‌కి డబుల్, పైగా దానికి డిస్కు పెట్టుకునే పోర్టే లేదు. మీ బావని ఆవకాయ పట్టుకెళ్ళమను, తేవడం ఎందుకు.

కొల్లేటి_కొంగ:
పిన్నిగారూ 😄 ఆవకాయ ఆల్రెడీ రెడీ అవుతోంది. రాజు గారూ చాలా థాంక్స్ అండి, మీడియాఇన్ఫో మాట ఎవరూ చెప్పలేదు నాకు ఇన్నాళ్ళూ. నాన్నగారి చేత డిస్కు ల్యాప్‌టాప్‌కి పెట్టించి వీడియో కాల్‌లో చూశా, సౌండ్ రానివన్నీ డీటీఎస్సే. రౌటర్‌కి యూఎస్‌బీ ఉంది, అదేమో ముందు గదిలో ఉంది, టీవీ హాల్లో గోడకి బిగించి ఉంది, మధ్యలో ఒక గోడ. వైఫై అందుతుందా? ఇంకా అమ్మకి రిమోట్ గొడవ ఎలా? డీవీడీల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ముహూర్తం_మిక్సింగ్:
డీవీడీలకి నేనున్నా తమ్ముడూ, పదేళ్ళ పైన పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేశా. ప్లేయర్ సంగతి తర్వాత, ముందు ఆ డిస్కులు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించు. మేమిచ్చినవి చాలావరకు ఇంట్లో రాసిన డీవీడీ ఆర్‌లు, ఫ్యాక్టరీలో అచ్చయినవి కాదు, వాటిలో రంగు పొర ఏళ్ళు గడిచేకొద్దీ పోతుంది, ఇవాళ చదివిన డిస్కు వచ్చే సంక్రాంతికి చదువుతుందని గ్యారంటీ లేదు.

ఎక్కించేటప్పుడు వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని అలాగే కాపీ కొట్టేస్తారు అందరూ. దాన్లో వీఓబీ ఫైళ్ళు 1 జీబీ చొప్పున ముక్కలై ఉంటాయి, ఎక్కడ పడితే అక్కడ తెగుతాయి, జీలకర్ర బెల్లం పెడుతుంటే ఆగిపోతుంది, తర్వాతి ముక్క వెతికి పెట్టేలోపు ఇంటిల్లిపాదీ లేచెళ్ళిపోతారు. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ వాడు, ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలు చేస్తుంది, క్వాలిటీ వెంట్రుకంత కూడా తగ్గదు, మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యదు కాబట్టి.

మన డీవీడీలు 720 బై 576, ఇంటర్‌లేస్‌డ్. అంటే ఒక్కో ఫ్రేమూ రెండు సగాలుగా ఉంటుంది, ఒక సగంలో సరి గీతలు, ఇంకో సగంలో బేసి గీతలు. పాత డబ్బా టీవీకి అది సరిపోయేది, ఇప్పటి టీవీలో డీఇంటర్‌లేస్ చెయ్యకుండా, అంటే ఆ సగాల్ని సరిచేసి పూర్తి ఫ్రేములు చెయ్యకుండా, ఆడిస్తే అక్షింతలు వేసే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోయి కనపడతాయి. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ సెట్టింగ్ ఉంటుంది, కానీ ప్రతి పరికరంలో దాన్ని వెతికే బదులు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి డీఇంటర్‌లేస్ ఆన్ చేసి ఎంపీ4 చేసేసుకుంటే సరి, దాన్ని ఏ స్టిక్కైనా, ఆ పాత టీవీ అయినా, అక్క ఫోనైనా ఆడిస్తుంది. మేక్‌ఎంకేవీ ఫైలు మాత్రం ఒరిజినల్‌గా దాచుకో, డిలీట్ కొట్టకు.

వైర్ల_రాజు:
మిక్సింగ్ గారూ, మీలాంటోళ్ళు ఇక్కడున్నందుకే ఈ గ్రూప్ వదల్లేకపోతున్నా.

వైఫైకి: ఒక గోడే కాబట్టి 5 గిగాహెర్ట్జ్ అందాలి. అందకపోతే 2.4కి మార్చు, దూరం ఎక్కువ పోతుంది, స్పీడు తగ్గుతుంది, కానీ ఫుల్ హెచ్‌డీకి నెట్‌ఫ్లిక్స్ అడిగేదే 5 ఎంబీపీఎస్. స్టిక్కుతో పాటు డబ్బాలో చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ముక్క వస్తే దాన్ని పారెయ్యకు, అందరూ పారేస్తారు. టీవీ గోడకి అతుక్కుని ఉంటే స్టిక్కు టీవీ వెనక రేకుకీ గోడకీ మధ్య ఇరుక్కుని వేడెక్కుతుంది, సిగ్నలూ అందదు. ఆ ముక్క పెట్టి పక్కకి వేలాడదీస్తే రెండూ తీరతాయి.

కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి తీసుకోవద్దు. అది మామూలుగా 0.5 యాంప్ ఇస్తుంది, స్టిక్కుతో వచ్చే అడాప్టర్ కనీసం 1 యాంప్‌ది. పైగా టీవీ ఆపిన ప్రతిసారీ స్టిక్కూ ఆగిపోయి, ఆన్ చేసినప్పుడల్లా మొదట్నుంచి లేస్తుంది, నాన్నగారు ఆ లోగో చూస్తూ కూర్చోవాలి.

టీవీ ఫుల్ హెచ్‌డీయే అయినా 4కే మోడలే తీసుకో. బొమ్మ 1080పీలోనే వస్తుంది, కానీ చిన్న మోడల్లో 1 జీబీ ర్యామే ఉంటుంది, రెండు మూడు యాప్‌లు తిప్పేసరికి ఆయాసపడుతుంది. ఇంకో సంగతి, అమెజాన్ వాళ్ళు కొత్త స్టిక్కుల్లో ఆండ్రాయిడ్ తీసి వేగా అనే సొంత ఓఎస్ పెట్టడం మొదలెట్టారు, 2025లో వచ్చిన 4కే సెలెక్ట్ దాంతోనే వచ్చింది. వాటిల్లో స్టోర్‌లో లేని యాప్ బయట్నుంచి ఎక్కించలేవు. కోడి లాంటివి కావాలనుకుంటే కొనేముందు ఆ మాట చూసుకో, పేర్లన్నీ ఒకేలా ఉంటాయి, షాపులో అబ్బాయికి కూడా తేడా తెలీదు.

సెట్టింగ్స్‌లో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ అని ఉంటే ఆన్ చెయ్యి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, స్టిక్కు పంపేది 60, కెమెరా పక్కకి తిరిగినప్పుడు బొమ్మ జెర్క్ కొడుతుంది చూడు, అది దానివల్లే. నాన్నగారు పట్టించుకోకపోవచ్చు, నాకైతే నిద్రపట్టదు.

నాన్న_రిమోట్_ఎక్కడ:
రిమోట్ సంగతి నేను చెప్తానండి, మా ఇంట్లోనూ ఇదే. టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చెయ్యాలి, ఆ పేరుతో ఉండదు, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీలో సింప్‌లింక్ అని, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది. ఆన్ చేశాక స్టిక్కు రిమోట్‌లో హోమ్ నొక్కితే టీవీ దానంతటదే హెచ్‌డీఎంఐ 2కి వచ్చేస్తుంది. తిరిగి సీరియల్‌కి రావాలంటే టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కాలి, ఫైబర్‌నెట్ బాక్సు తనంతట తను లాక్కుంటుందని ఆశపడకండి. మేం సోర్స్ బటన్ మీద అమ్మ బొట్టుబిళ్ళ అంటించాం. మిగతా బటన్లన్నీ ఆవిడకి అనవసరం.

క్రికెట్‌కి మాత్రం ఒకటి, స్టిక్కులో మ్యాచ్ కేబుల్ కంటే కాస్త వెనకొస్తుంది. పక్కింట్లో కేబులైతే సిక్స్ కొట్టకముందే అరుపులు వినపడతాయి, మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.

కొల్లేటి_కొంగ:
ఆండ్రాయిడ్ మీద నడిచే 4కే స్టిక్ ఫిక్స్ అయ్యానండి, డిస్కు రౌటర్‌కి, డీవీడీలు మేక్‌ఎంకేవీకి. ఒక్క డౌటు, డీవీడీలో ఒకటి మధ్యలో 62 శాతం దగ్గర ఆగిపోతోంది, గీత ఉంది దాని మీద.

ముహూర్తం_మిక్సింగ్:
మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికి తుడువు, గుండ్రంగా తిప్పి తుడవకు. అయినా ఆగితే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడు, ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదువుతుంది. అదీ కాకపోతే ఆ ఊళ్ళో వీడియో తీసిన స్టూడియో వాళ్ళని అడుగు, కొందరు ఒరిజినల్ టేపులు ఇంకా అటక మీద ఉంచుకుంటారు.