ఫ్లూ కార్డు నెగటివ్ అని ఒంటరి గది ఖాళీ చేయించారు. తప్పెక్కడ?

రాత్రి_డ్యూటీ:
ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సుని, ఆరేళ్లయింది. అంటుకునే జబ్బున్న పేషెంట్లని విడిగా ఉంచే ఒంటరి గదులు మాకు రెండే. మొన్న రాత్రి 70 దాటిన పెద్దాయన వచ్చారు, నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు, ఇప్పుడు ఆయాసం. యాంటిజెన్ కార్డు (ముక్కు స్వాబ్‌లో ఫ్లూ వైరస్ ప్రోటీన్ ఉందేమో చూసే టెస్టు) పెట్టాను. 15 నిమిషాలయ్యాక కార్డు పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత ఒక్కటే, ఫ్లూ గీత లేదు. "నెగటివే కదా, వార్డుకి పంపెయ్, గది కావాలి" అన్నారు. పంపాను. పొద్దున పీసీఆర్‌లో ఇన్‌ఫ్లుయెంజా ఎ. పక్క బెడ్‌లో కీమో తీసుకుంటున్నావిడ! స్వాబ్ నేనే సరిగ్గా తీయలేదా? ఇంటికెళ్లినా నిద్ర పట్టలేదు.

ల్యాబ్_మనిషి:
అక్కా, ముందు ఆ నింద మీ నెత్తిన వేసుకోకండి. పీసీఆర్ వైరస్ జన్యుపదార్థాన్ని లక్షల రెట్లు పెంచి వెతుకుతుంది. కార్డు ఉన్నదాన్నే చూస్తుంది. పిల్లల ముక్కులో వైరస్ బోలెడు, పెద్దవాళ్లలో తక్కువ, నాలుగో రోజుకి ఇంకా తగ్గుతుంది. మామూలు ఫ్లూ కార్డులు ఉన్న కేసుల్లో 50 నుంచి 70 శాతమే పట్టుకుంటాయి. అయినా అడుగుతున్నా, కిట్ ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వాడారా? చల్లగా ఉంటే సరిగ్గా పనిచేయదు. మేమైతే చుక్కలు వేసిన టైమ్ కార్డు మీదే పెన్నుతో రాస్తాం. అరగంట తర్వాత కనబడే గీతని లెక్కలోకి తీసుకోం.

క్యాజువాలిటీ_డాక్టర్:
లెక్క చూడండి. సీజన్‌లో దగ్గుతో 100 మంది వచ్చారు, 40 మందికి ఫ్లూ ఉందనుకుందాం. కార్డు 60 శాతం పడితే 24 మంది దొరికారు, 16 మంది జారిపోయారు. అంటే నెగటివ్ వచ్చిన 76 మందిలో 16 మందికి ఫ్లూ ఉంది, ఐదుగురిలో ఒకరికి! ఆ కాగితం చూసి గది ఖాళీ చేయించడం దారుణం. పాజిటివ్ వస్తే మాత్రం సీజన్‌లో దాదాపు నమ్మేయొచ్చు. పీసీఆర్ లాగే జన్యుపదార్థాన్ని పెంచి వెతికే మాలిక్యులర్ యంత్రం అడగండి: ఐడీ నౌ 13 నిమిషాల్లో, లియాట్ 20 నిమిషాల్లో చెప్పేస్తాయి. యంత్రం వస్తే యాంటీబయాటిక్స్ తగ్గుతాయని మీ వాళ్లకి ఆశ పెట్టకండి. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఇలాంటి యంత్రంతో చేసిన ట్రయల్, 2017లో వచ్చింది, అందులో తగ్గలేదు. కానీ పేషెంట్లు ఆసుపత్రిలో ఉన్న రోజులు తగ్గాయి. నాకైతే అదే చాలు.

ఇదంతా తర్వాత. ఆ కీమో పేషెంట్ సంగతి ఆవిడ డాక్టర్‌కి చెప్పారా? ముందుజాగ్రత్తగా ఫ్లూ మందు ఒసెల్టామివిర్ ఇవ్వాలంటే, ఫ్లూ పేషెంట్ దగ్గర ఉన్న 48 గంటల లోపే మొదలవ్వాలి.

రాత్రి_డ్యూటీ:
ఇది చదవగానే ఫోన్ చేశాను సార్. నిన్న సాయంత్రమే మొదలుపెట్టారట. పెద్దాయనకీ ఇస్తున్నారు. కిట్ విషయం... ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వాడాను తమ్ముడూ, నిజం. ఇంకొక్కటి, టైమ్ లోపల లేత గీత వస్తే?

ల్యాబ్_మనిషి:
లేతదైనా పాజిటివే. గది ఇవ్వండి.