అప్‌డేట్: అమ్మాయిని జర్మనీ పంపడానికి మనసు ఒప్పడం లేదని అడిగాను కదా

మా అమ్మాయికి జర్మనీలో నర్సు ఉద్యోగం వచ్చిందని, దేవునికి అప్పగించానని ప్రార్థన చేసి లేచేసరికి మళ్లీ అదే టెన్షన్ పట్టుకుంటోందని అప్పుడు రాశాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు. బైబిల్లోని హన్నా కథ మళ్లీ చదవమన్న అక్కకు మరీ మరీ.

హన్నా తన కొడుకు సమూయేలు పాలు విడిచాక, వాణ్ణి దేవుని సేవకని షిలోహు మందిరంలో యాజకుడైన ఏలీ దగ్గర అప్పగించి వచ్చేసింది, అంతవరకు అందరికీ తెలిసిందే. నేను మాత్రం 1 సమూయేలు 2:19 దగ్గర ఆగిపోయాను. ఏటేటా బలి అర్పించడానికి వెళ్లినప్పుడల్లా బిడ్డకు చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదట. రోజూ కళ్లెదుట లేని పిల్లవాడు ఈ ఏడాదికి ఎంత ఎదిగి ఉంటాడో ఊహించుకుని కొలత పెట్టి ఉంటుంది ఆ తల్లి! దేవుని చేతిలో పెట్టినంత మాత్రాన ప్రేమ తగ్గించుకోమని ఎవరూ అడగలేదని అప్పుడు అర్థమైంది.

అమ్మాయి వెళ్లింది. గంటగంటకూ "తిన్నావా, చేరావా" అని మెసేజ్‌లు పెట్టడం లేదు, డ్యూటీ దిగాక తనే ఫోన్ చేస్తుంది. "త్వరగా వెనక్కి తీసుకురా ప్రభువా" అనడం మానేసి, ఆ వార్డులో తన చేతులను వాడుకోమని అడుగుతున్నాను. రాత్రిళ్లు భయం వేస్తూనే ఉంది. అక్కడ తనకింకా మంచి సంఘం (చర్చి) దొరకలేదు, దయచేసి అందుకోసం ప్రార్థించండి.