కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడి మంత్రాన్ని మధ్యలోనే ఆపే మంత్రం) వేసేముందు ఆ మంత్రం పేరు చెప్పాలా, వద్దా?

డీ20_దొర:
మా టేబుల్ దగ్గర డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో పాత్రలు వేసి ఆడే ఆట) ఇంకా 2014 రూల్స్‌తోనే నడుస్తోంది, డీఎం, అంటే ఆట నడిపేది, నేనే. ఈమధ్య ఒక హౌస్ రూల్ పెట్టా. శత్రువు మంత్రం మొదలుపెడితే "ఏదో వేస్తున్నాడు" అని మాత్రమే అంటా, పేరు చెప్పను. కౌంటర్‌స్పెల్ వేస్తారో లేదో అప్పుడే తేల్చుకోవాలి. విజార్డ్ (మాంత్రికుడి) పాత్ర ఆడేవాడు అలిగాడు. ఫైర్‌బాల్ అని ముందే చెప్పేస్తే ఇక టెన్షన్ ఏముంది? మూడో లెవల్ మంత్రం వరకు చెక్ (పాచిక వేసి చూడటం) కూడా అక్కర్లేదు, ఠక్కున ఆపేస్తాడు.

ఉల్లిపెసరట్టు:
అలగడా మరి? ఐదో లెవల్ విజార్డ్‌కి మూడో లెవల్ స్లాట్లు (ఆ లెవల్ మంత్రం వేసే అవకాశాలు) ఉండేవే రెండు. అందులో ఒకటి ఫైర్ బోల్ట్ లాంటి క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చులేని చిన్న మంత్రం) మీద తగలేస్తే ఆ పూటకి సగం ఆట పోయినట్టే. అసలు సంగతి వేరే ఉంది దొరా. మీ లిచ్ (చచ్చినా చావని మాంత్రికుడు) కౌంటర్‌స్పెల్ వేసేటప్పుడు మా మంత్రం పేరు మీరు వినేసి ఉంటారుగా! మాకు గుడ్డి పందెం, మీకు తెరిచిన పేక.

రాత్రిగుడ్లగూబ:
2017లో వచ్చిన జానథర్స్ గైడ్ అనే రూల్స్ పుస్తకంలో దీనికి ఐచ్ఛిక రూల్ ఉంది. రియాక్షన్ (ఎదుటివాడి పనికి వెంటనే చేసే ఒక్క ఎదురు చర్య) వాడి ఆర్కానా (మంత్రజ్ఞానం) చెక్ వేయాలి, డీసీ (అందుకోవాల్సిన అంకె) 15 ప్లస్ మంత్రం లెవల్. కానీ రియాక్షన్ అక్కడే ఖర్చయితే కౌంటర్‌స్పెల్ వేయడానికి ఇంకేం మిగులుతుంది, పక్కనున్న ఇంకో విజార్డ్‌కి అరిచి చెప్పుకోవాల్సిందే :) మేం ఆ రియాక్షన్ ఖర్చు తీసేశాం. మంత్రం మీ క్లాస్ జాబితాలో ఉంటే పేరు ఊరికే చెప్పేస్తాం, లేకపోతే చెక్. ఇక డీఎం అయినా ప్లేయర్ అయినా మంత్రం పేరు, స్లాట్ చీటీ మీద రాసి బోర్లా పెట్టాలి, కౌంటర్ సంగతి తేలాకే తిప్పాలి. దొంగాటకి చోటే లేదు.

బార్డ్‌బాబు:
2024 రూల్స్‌కి మారిపోండి, గొడవే ఉండదు. లెవల్ లెక్క లేదు, మంత్రం వేసేవాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ (శరీర దారుఢ్యంతో తట్టుకునే పాచిక) వేస్తాడు, ఓడితే మంత్రం పోతుంది కానీ వాడి స్లాట్ మిగులుతుంది.

ఉల్లిపెసరట్టు:
గొడవ పోలేదు బాబూ, పెరిగింది. ఇప్పుడు తొమ్మిదో లెవల్ మీటియోర్ స్వార్మ్‌ని కూడా మూడో లెవల్ స్లాట్‌తోనే ఆపొచ్చు, అంటే ఎప్పుడు వేయాలో తెలియడమే అంతా. పైగా పెద్ద బాస్‌కి లెజెండరీ రెసిస్టెన్స్ ఉంటే ఓడిన సేవ్‌ని గెలిచినట్టు మార్చేస్తాడు, మన స్లాట్ హుష్‌కాకి. అయినా నాకు ఓకే, వాడి రెసిస్టెన్స్ ఒకటి కరిగిందిగా.

డీ20_దొర:
చీటీల ఐడియా బాగుంది, ఈ ఆదివారమే పెడతా. సొంత క్లాస్ మంత్రమైతే పేరు కూడా చెప్తా. ఏ లెవల్ స్లాట్‌తో వేశాడో మాత్రం చచ్చినా చెప్పను.

ఉల్లిపెసరట్టు:
అదీ చెప్పకపోతే మేం కౌంటర్‌స్పెల్‌కి నాలుగో లెవల్ స్లాట్ పెట్టాలా ఐదోది పెట్టాలా ఎలా తెలుస్తుంది? మీ విజార్డ్ మళ్లీ అలుగుతాడు చూడండి.