జిల్లా లెక్కలో నీళ్లు మిగులు, వేసవిలో బోర్లు ఎండు: పరిశ్రమలు, సాగు తోడుతున్న నీటిని ఎలా కొలవాలి?

ఊటబావి (ప్రశ్న; ఇక్కడ రాసేవాళ్లంతా మారుపేర్లతోనే)

శ్రీకాకుళం జిల్లా రణస్థలం, విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలాల్లో ఎవరి వాడకం వల్ల నీటి మీద ఎంత ఒత్తిడి పడుతోందో అంకెల్లో తేల్చాలని పని మొదలుపెట్టాం. పైడిభీమవరం మందుల కంపెనీలు, వరి, మొక్కజొన్న, తీరం వైపు రొయ్యల చెరువులు, పంచాయతీల తాగునీరు, ఇవీ పద్దులు. ఏడాదికి తోడిన నీటిని ఆయా జిల్లాలో దొరికే నీటితో భాగిస్తే శాతం చాలా తక్కువగా వస్తోంది. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో వాడే కొలత ప్రకారం 25 శాతం లోపైతే ఒత్తిడి లేనట్టే. భూగర్భజలాల లెక్కలో 70 శాతం దాటకపోతే 'సురక్షితం'. కానీ మే నెలకి బోర్లు గాలి కక్కుతున్నాయి. మా లెక్కలో తప్పెక్కడుంది? కంపెనీల వాడకం, మీటర్లు లేని వ్యవసాయ బోర్ల వాడకం ఎలా పట్టుకోవాలి?

గొట్టా కాలువ

తప్పు పైఅంకెలో కాదండి, కింద అంకెలో ఉంది. జిల్లా మొత్తం దొరికే నీరు అన్నప్పుడు అందులో వంశధార కలిసిపోయింది. 75 శాతం భరోసాతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు, 115 టీఎంసీలు వచ్చే నది అది, అందులో సగం మన రాష్ట్రం వాటా. 1 టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఆ నీటిలో చుక్క కూడా దానంతట అది పైడిభీమవరం రాదు. మీరు అడుగుతున్న ప్రాంతం నాగావళికి, చంపావతికి మధ్య ఉన్న కందివలస గెడ్డ (వాగు) పరివాహకం. చిన్న గెడ్డ, కొండల వెనక ఒడిశా నుంచి వచ్చే నీరేమీ లేదు. మీ భాగహారంలో కింద ఉండాల్సింది ఆ గెడ్డకి చేరే వాన నీరు, ఆ నేలలోకి ఇంకే నీరు మాత్రమే. కాలువల ద్వారా బయటి నుంచి వచ్చేది ఉంటే వేరే పద్దులో చూపించండి.

రెండోది, నెలలవారీగా వేయండి. జులై నుంచి అక్టోబరు దాకా సముద్రంలోకి పోయిన వరదని మే నెల దాహానికి జమ కట్టకూడదు కదా. నెలకొక శాతం తీస్తే ఏడాది మొత్తం మీద 20 చూపించిన చోటే ఏప్రిల్‌లో 100 దాటొచ్చు. దొరికే నీటిలోంచి గెడ్డ బతకడానికి వదలాల్సిన వాటా ముందే తీసేయాలి. మీరు చెప్పిన 25 శాతం కొలతలోనూ అలాగే తీస్తారు, చాలామంది అది మర్చిపోతారు.

పాత అంకెలతో పోల్చేటప్పుడు ఒక గండం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజాం, వంగర, రేగిడి, సంతకవిటి మండలాలు విజయనగరంలోకి వచ్చాయి, పార్వతీపురం మన్యం వేరయింది. తోటపల్లి జలాశయం మన్యంలోకి పోయింది, మడ్డువలస జలాశయం విజయనగరంలోకి వచ్చింది. జిల్లా పేరు చూసి 2021నీ 2023నీ పక్కపక్కన పెడితే వచ్చే తేడా నీళ్లది కాదు, సరిహద్దుది. మండలాల వారీగా తెచ్చుకుని మీరే కూడుకోండి.

మూడు ఫేజుల మోటారు

బోర్ల సంగతి. ప్రతి ఊళ్లో ఓ అయిదారు బోర్లు ఎంచుకుని డ్రమ్ము పరీక్ష చేయండి. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకి 5 లీటర్లు, అంటే గంటకి 18 ఘనపు మీటర్లు. మోటారు వేసిన వెంటనే కొలవొద్దు. మొదటి పది నిమిషాలు గొట్టం నిండా వస్తుంది, తర్వాత తగ్గుతుంది. అరగంట ఆగి కొలవండి. అదే సమయంలో స్టార్టరు దగ్గర టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే పరికరం) మూడు తీగలకీ ఆంపియర్లు చూడండి. 415 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే భాగం) 0.8 అయితే 4.6 కిలోవాట్లు. అంటే ఈ బోరు ఒక్కో యూనిట్‌కి దాదాపు 3.9 ఘనపు మీటర్లు తోడుతోంది.

సరిచూసుకోవడానికి: నష్టాలు లేకపోతే 1 యూనిట్ కరెంటు 367 ఘనపు మీటర్ల నీటిని 1 మీటరు ఎత్తుతుంది. 40 మీటర్ల లోతు నుంచి, 43 శాతం సామర్థ్యంతో లెక్కిస్తే అదే 3.9 వస్తుంది. మీ అంకె 6, 7 చూపిస్తే డ్రమ్ము దగ్గరో ఆంపియర్ల దగ్గరో పొరపాటు జరిగినట్టు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు మీటరులో నెల యూనిట్లు తెలిస్తే నీళ్లు తెలిసినట్టే. వ్యవసాయ మోటార్లకి మీటర్లు బిగించే ప్రయోగం శ్రీకాకుళం జిల్లాలోనే మొదలైంది కాబట్టి కొన్ని కనెక్షన్ల లెక్క దొరకొచ్చు. 9 గంటల సరఫరా ఉంది కదా అని అందరికీ 9 గంటలు వేసేయకండి. వేసవిలో చాలా బోర్లు రెండు గంటలు పోసి ఆగిపోతాయి, మళ్లీ ఊరాలి.

బాయిలర్ గది

కంపెనీల విషయంలో 'తీసుకున్నది', 'ఖర్చయింది' రెండు వేర్వేరు గడులు పెట్టండి. నెల్లిమర్ల దగ్గర చంపావతి ఇసుకలోంచి తీసే ఊరి తాగునీటిలో చాలా భాగం మురుగుగా మళ్లీ నేలకో గెడ్డకో చేరుతుంది. చుక్క బయటికి వదలని పద్ధతిలో నడిచే మందుల ప్లాంటు తీసుకున్న నీరు చివరికి దాదాపు అంతా ఆవిరైపోతుంది. కాలుష్యం పరంగా అది మంచిదే, కానీ నీటి లెక్కలో తీసుకున్నదంతా ఖర్చు కిందే రాయాలి.

గరివిడి, బొబ్బిలి వైపు ఉక్కులో కలిపే ఫెర్రో అల్లాయిస్ తయారుచేసే కంపెనీల్లాంటి వాటిలో ఎక్కువ నీరు కూలింగ్ టవర్‌లో పోతుంది. గంటకి 500 ఘనపు మీటర్లు తిరిగే టవర్‌లో నీరు 6 డిగ్రీలు చల్లబడితే గంటకి సుమారు 4.6 ఘనపు మీటర్లు ఆవిరి. ఉప్పు పేరుకోకుండా వదిలే నీరు, తిరిగే నీటిలో ఉప్పు కొత్త నీటికి నాలుగు రెట్లున్నప్పుడు, ఇంకో 1.5. మొత్తం 6.1, రోజుకి 146. కంపెనీ ఇచ్చిన అంకె ఇందులో సగమే ఉంటే ట్యాంకర్లతో తెచ్చే నీరో, చెప్పని బోరో ఉన్నట్టు, అడగండి.

అంకెలు ఎక్కడంటారా? కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో ఉండేది గరిష్ఠ పరిమితి, అది వాడకం కాదు. ఏటా సెప్టెంబరు 30 లోపు ఇవ్వాల్సిన పర్యావరణ నివేదిక, ఫారం 5, చూడండి. అందులో ప్రాసెస్‌కి, కూలింగ్‌కి, తాగడానికి రోజుకి ఎన్ని ఘనపు మీటర్లో విడివిడిగా ఉంటుంది. సమాచార హక్కు కింద అడగొచ్చు.

ఊటబావి

చాలా థాంక్సండి. వరికి ఎకరాకి 1200 మిల్లీమీటర్లు వేశాం, సరేనా? రొయ్యల చెరువులు కూడా?

గొట్టా కాలువ

1200 అంటే ఎకరాకి 4,850 ఘనపు మీటర్లు. అందులో పైరు, మడి కలిసి ఆవిరి చేసేది సుమారు సగం. మిగతాది కిందకి దిగుతుంది. నీటిమట్టం 10 మీటర్ల లోపున్న చోట కాలువ నీరు పారిన వరి మడి నుంచి 50 శాతం దాకా తిరిగి భూమిలోకి చేరుతుందని లెక్కిస్తారు. ఖరీఫ్‌లో మడిలో పడ్డ వానని కూడా తీసేయాలి. లేకపోతే ఆకాశం ఇచ్చింది బోరు ఇచ్చినట్టు వస్తుంది.

రొయ్యల చెరువు హెక్టారుకి మీటరున్నర లోతు అంటే 15,000 ఘనపు మీటర్లు. ఉప్పుటేటి నుంచి తోడుకున్నది మంచినీటి పద్దులోకి రాదు. ఉప్పు తగ్గించడానికి బోరు నుంచి కలిపింది మాత్రం పూర్తిగా వస్తుంది. అదే తీరంలో తాగునీటి బోర్లు ఉప్పెక్కడానికి ఒక దారి, కాబట్టి పరిమాణంతో పాటు ఆ బోర్ల నీటి విద్యుత్ వాహకతని (ఉప్పు ఎంతుందో తెలిపే కొలత) కూడా నెలనెలా కొలవండి.

మిల్లుల్లో ఒక జాగ్రత్త. ధాన్యం పండించిన నీటిని వరి పద్దులో వేశాక రైస్ మిల్లు పద్దులో మళ్లీ వేయకండి. మిల్లుకి నానబెట్టడానికి, ఆవిరికి వాడిందే రాయండి. జనపనార మిల్లులకీ అంతే.

మూడు ఫేజుల మోటారు

చివరగా మొత్తాన్ని బావి మట్టంతో సరిచూసుకోండి. ఈ గట్టి రాతి నేలలో నీరు వదిలే భాగం 2 శాతం అనుకుంటే, చదరపు కిలోమీటరులో మట్టం 3 మీటర్లు దిగితే పోయింది 60,000 ఘనపు మీటర్లు. అదే చోట 20 బోర్లు గంటకి 18 చొప్పున, రోజుకి 6 గంటలు, 60 రోజులు నడిచాయని మీరు రాస్తే 1,29,600 వస్తుంది. తేడా మడుల నుంచి దిగిన నీరు కావచ్చు, పక్క నుంచి ఊరింది కావచ్చు, లేదా మీ గంటలు ఎక్కువ కావచ్చు. అదే మట్టం చూపించేది మీ కూడిక కంటే ఎక్కువుంటే మీరు లెక్కించని వాడకందారు ఎవరో ఉన్నారు. పంచాయతీ బోరు ఎండితే మొదట బిందె పట్టుకుని నడిచేది ఆడవాళ్లు. ఆ వాడకందారు పేరు తేలకుండా పని ఆపొద్దు.

మట్టం టేపుతో కొలిచేది తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లు రాత్రంతా ఆగాక. పగలు సరఫరా మొదలయ్యాక కొలిస్తే పక్క బోరు లాగిన లోతు కూడా మీ అంకెలోకి వస్తుంది. టేపు కొనకి సుద్దపొడి రాస్తే తడి గీత స్పష్టంగా తెలుస్తుంది. నేల మట్టం నుంచి కొలుస్తున్నారా, కేసింగ్ (బోరు పైగొట్టం) అంచు నుంచా, అది ప్రతిసారీ రాసుకోండి.