అప్‌డేట్: అమ్మ అరికాళ్ల తిమ్మిర్లు, జన్యు పరీక్ష ప్యాకేజీ

అరికాళ్ల తిమ్మిర్లతో బాధపడుతున్న మా అమ్మకు, జన్యు పరీక్షను బట్టి తయారుచేసే సప్లిమెంట్ల ప్యాకేజీ కొనవచ్చా అని మూడు నెలల క్రితం అడిగాను. ముందు మామూలు రక్తపరీక్ష చేయించమని, వాడే మందులన్నీ డాక్టరుకు చూపించమని మీరు చెప్పారు. అలాగే చేశాను.

నరాలకు, రక్తానికి అవసరమైన విటమిన్ బి12 అమ్మ రక్తంలో మిల్లీలీటరుకు 148 పికోగ్రాములే ఉంది. 200 కంటే తగ్గితే సాధారణంగా లోపంగానే చూస్తారు. అమ్మ శాకాహారి, ఆ తిండిలో బి12 తక్కువ. పైగా పదకొండేళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. ఆ మందు వల్ల కొందరిలో పేగులు బి12ను సరిగ్గా పీల్చుకోలేవు. కారణం తెలియడానికి జన్యువుల దాకా వెళ్లాల్సిన పనే లేకపోయింది.

నాకు ఇప్పటికీ గుండె దడ పుట్టించేది ఆ ప్యాకేజీ చీటీ. అందులో ఫోలిక్ ఆమ్లం ఎక్కువ, బి12 నామమాత్రం. అది వాడి ఉంటే రక్తహీనత తగ్గినట్టే కనిపించేది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉండేవి. బయోటిన్ అనే మరో బి విటమిన్ కూడా చాలా ఉంది. అది థైరాయిడ్ పరీక్ష ఫలితాలను తారుమారు చేయగలదని డాక్టరు హెచ్చరించారు.

మెట్‌ఫార్మిన్ ఆపలేదు. మొదట బి12 ఇంజెక్షన్లు, ఇప్పుడు మాత్రలు. ఇదివరకు నడుస్తుంటే చెప్పు జారిపోయినా అమ్మకు తెలిసేది కాదు. నిన్న గుడి మెట్ల దగ్గర తనే ఆగి, "చెప్పు జారిందిరా" అంది.