సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన డేటాబేస్ మొరాయిస్తోంది, విడిగా కొనాలా?

లెక్కలపుస్తకం:
పొద్దున్నుంచి దీనితోనే కుస్తీ. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త బిల్లు సేవ్ చేస్తే ఎర్రర్. డిస్క్‌లో బోలెడు ఖాళీ ఉంది. రీస్టార్ట్ చేశాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను, అదే వరస. డేటాబేస్ దానితోపాటే ఉచితంగా వచ్చింది. విడిగా అమ్మేది కొంటే ఈ బాధ తప్పుతుందా? మార్కెట్లో ఎక్కువమంది వాడేది ఏది?

చీమ:
ఏ డేటాబేస్? ఏ వెర్షన్? ఎర్రర్ నంబర్?

వటవృక్షం:
'ఎక్కువమంది వాడేది' దగ్గరే అందరూ పొరబడతారు. డేటాబేస్‌లకు ర్యాంకులిచ్చే డీబీ-ఇంజిన్స్ సైటు పట్టికలో, విడిగా అమ్మే ఒరాకిల్ పైన ఉందని చూపిస్తారు. ఆ పట్టిక ఇన్‌స్టాలేషన్లు లెక్కపెట్టదు. వెతుకులాటలు, ఉద్యోగ ప్రకటనలు, చర్చల్లో ప్రస్తావనలు చూస్తుంది. ఇక అమ్మకాల లెక్కలు తీస్తే ఉచితంగా కలిసి వచ్చేవి (బండిల్డ్) కనిపించనే కనిపించవు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, ఐఫోన్‌లోనూ ఉంది. దానికి లైసెన్స్ రుసుమే లేదు, కాబట్టి ఆదాయంలో దాని వాటా దాదాపు సున్నా! ఐబీఎం 1988లో తెచ్చిన ఏఎస్/400 అనే కంప్యూటర్‌లో డేటాబేస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే భాగం. దాన్ని ఏ ఖాతాలో వేస్తారు?

సూటిమాట:
ఎస్‌క్యూలైట్ బండిల్డ్ కాదండీ, ఎంబెడెడ్. వేరే సర్వర్ లేకుండా ప్రోగ్రామ్ లోపలే లైబ్రరీగా నడుస్తుంది. బండిల్డ్ అనేది అమ్మే తీరు, ఎంబెడెడ్ అనేది నడిచే తీరు.

వటవృక్షం:
నేను మాట్లాడేది మార్కెట్ గురించి. విడిగా బిల్లు రాకపోతే బండిల్డే. జావా డీబీ అనే డేటాబేస్‌ని జేడీకే 6తో (జావా ప్రోగ్రాములు రాసేవాళ్ల కిట్) కలిపి ఇచ్చారు, 9 నుంచి తీసేశారు. అదే ఇంజిన్ అపాచీ డెర్బీగా విడిగా దొరికేది.

సూటిమాట:
అంటే ఒకే ఇంజిన్ రెండు రకాలుగానూ వస్తుందనేగా. నేనన్నదీ అదే.

లెక్కలపుస్తకం:
ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019. స్క్రీన్ మీద ఎర్రర్ 1105, ఎర్రర్ లాగ్‌లో 1827. అకౌంటింగ్ అంటే అదే అని అర్థమవుతుందనుకున్నాను.

చీమ:
1105 అంటే చోటు చాలడం లేదని. అదొక్కటే ఉంటే డిస్క్‌ని అనుమానించాలి. 1827 అంటే మీ ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ పరిమితి. ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ. మార్పులు నమోదయ్యే ట్రాన్సాక్షన్ లాగ్ ఫైల్ ఆ లెక్కలోకి రాదు, దాన్ని కుదించి లాభం లేదు. బిల్లుల స్కాన్లు కూడా అందులోనే దాస్తున్నారా? ముందు బ్యాకప్ తీయండి. పాత సంవత్సరాలను ఆర్కైవ్ చేసే మెనూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అది వాడండి, టేబుళ్లలో చేత్తో తుడవకండి. కొనాల్సివస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనే డబ్బిచ్చి కొనే స్టాండర్డ్ ఎడిషన్. ఇంజిన్ అదే, డేటా మార్చక్కర్లేదు.

వటవృక్షం:
కొనేముందు సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లనే అడగండి. వాళ్ల ద్వారా వచ్చే లైసెన్స్ ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌కే పరిమితం కావచ్చు. వేరే పనికి వాడుకోవాలంటే విడి లైసెన్సే కావాలి.

సూటిమాట:
దాన్నే రన్‌టైమ్ లైసెన్స్ అంటారు. బండిల్డ్ అనాల్సింది దాన్ని.

లెక్కలపుస్తకం:
స్కాన్లు అందులోనే ఉన్నాయి, ఏడేళ్లవి. ఆర్కైవ్ మెనూ కనిపించింది. బ్యాకప్ పెట్టాను. థాంక్సండీ.